ఎత్తు మీది ఫ్రిజ్

చింతాద్రిపేటలో కూవం ఏటి పక్క వీధి, కింది వాటా. వరదకు భయపడి సిమెంటు దిమ్మెల మీదికి ఎక్కించిన ఫ్రిజ్‌లోంచి పాలు తీయడానికి ముసలామె స్టూలెక్కింది. మొగుడు స్టూలు పట్టుకొని నిలబడ్డాడు.

"ఏమయ్యా, నిన్న ఈ స్టూలు మీదనుంచే జారినాను. ఇంక ఫ్రిజ్ దించేయి."

"దించితే వానొస్తుంది మే. అప్పటి పెద్ద వరదలో కొరమీను ఈదుకుంటా వచ్చి, ఫ్రిజ్ తలుపు తీసి, గుడ్ల పక్కన పండుకోలా?"

"ఆ కథ మనవరాలికి చెప్పు. ఇది చిత్తిరై, ఎండల నెల. చిత్తిరైలో ఏడన్నా వరదొస్తుందా?"

"పోయిన చిత్తిరైలో వీధంతా మోకాటిలోతు నీళ్ళు. వానలు పడాల్సిన ఐప్పసిలో గొడుగు తీసి పెట్టుకుంటే మాడిపోయే ఎండ. చలి పెట్టాల్సిన మార్గళిలో ఫ్యాను లేకుంటే నిద్ర పట్టలా. ఏ నెలలో దించేదో నువ్వే చెప్పు."

"నాకేం తెలుసు? మా అమ్మకైతే నెల పేరు చెప్తే చాలు, వడియాలు పెట్టాల్నో వద్దో తెలిసిపోయేది."

"నాకూ ఏం అర్థం కాలా."

"సెరి, ఇప్పుడు దించు. వాన మోడం పట్టితే మళ్ళీ ఎత్తుదాం."

"ఎవరు?"

"మనమే. ముందర ఎత్తింది మనమే కదా."

"అది పదేండ్ల నాటి మాట. ఒకసారి దించితే, మళ్ళీ ఎత్తే బలం మనిద్దరికీ లేదు మే."

ఆమె పాలు తీయకుండానే మెల్లగా స్టూలు దిగింది.

"అయితే ఆడనే ఉండనీ. స్టూలు నేను పట్టుకుంటా, నువ్వెక్కు. కాఫీకి పాలు కావాల."

"నా మోకాళ్ళు..."

"ఎక్కయ్యా. పైన నీ కొరమీను ఉంది కదా, చెయ్యి అందిస్తుందిలే."