బర్లిన్‌ల వాన, కాజీపేటల ముగ్గు

"తాతా, ఒలింపిక్స్‌ల బాస్కెట్‌బాల్ మొదాలు ఎప్పుడు ఆడిండ్రు? స్కూల్ల ప్రాజెక్టు ఇచ్చిండ్రు. నీకు తెలుసని నాయిన చెప్పిండు."

మీ నాయిన చెప్పిండా? పర్వలేదు, వానికి ఇన్నేండ్లకు నా ముచ్చట యాదికొచ్చింది. కూసో బిడ్డా. ఆ కుర్చీ ఇటు దిక్కు గుంజుకో, ఎడమ చెవు జర తక్కువ ఇనవడ్తాంది. ఫోన్ల రికార్డు చేస్తానవా? చెయ్యి చెయ్యి. నడుమ దగ్గొస్తే గది కొట్టేసుకో.

రాసుకో. బర్లిన్, జర్మనీల. పందొమ్మిదొందల ముప్పయారో సంవత్సరం. మొగోళ్ళ బాస్కెట్‌బాల్‌కు ఒలింపిక్స్‌ల మెడల్ పెట్టింది గప్పుడే మొదాలు. ఎక్కడ ఆడిండ్రనుకున్నవ్? హాలు లేదు, గీలు లేదు. టెన్నిస్ ఆడే మట్టి మీద, బైట. ఫైనలు అమెరికాకు, కెనడాకు. ఆనాడు వాన. గట్ల గిట్ల వాన కాదు, బాలు కింద కొడ్తే లేవకపాయె, బురదల్నే కూసునె. స్కోరెంత? పందొమ్మిది, ఎనిమిది. నవ్వుతానవా? మీ స్కూలు పోరగాండ్లు సగం ఆటల్నే గంత చేస్తరు, నాకెరుకే. ఆ ఆట కనిపెట్టిన ముసలాయినె సుత అక్కడికొచ్చి చూసిండట. మెడళ్ళు ఆయిన చేతుల మీదికెళ్ళే ఇచ్చిండ్రట. ఎంత సంబురపడ్డడో పాపం.

గివన్ని నాకు పీటర్ దొర చెప్పిండు. పీటర్ దొర అంటే దొర కాదే, ఇంజన్ డ్రైవరు. ఆంగ్లో ఇండియన్. మేమే దొర అనేది, ఆయిన వద్దంటాంటే సుత. కాజీపేట రైల్వే కాలనీల ఉంటుండె. డ్యూటీ దిగి, మొకం మీద బొగ్గు మసి సుత కడుక్కోకుండ సీదా బాస్కెట్‌బాల్ కోర్టు మీదికొచ్చేది. మాకు ఆట నేర్పిందే ఆయిన. పైస తీసుకోకపోయేది. పైంగ మాకే చాయ్ తాపేది. చాయ్ అప్పుడు పావలా... కాదు కాదు, పదిహేను పైసలు. పావలా అయింది అటెంక.

ఆయిన కాడ ఒక పెద్ద రిజిస్టరు ఉండె. పాత పేపర్లు కత్తిరించి అంటుపెట్టేది. అర్జెంటీనాల మొట్టమొదటి ప్రపంచ పోటీలు పెట్టింది యాభైల, అర్జెంటీనోళ్ళే అమెరికాను కొట్టిండ్రు, అది అండ్లనే ఉండె. మ్యూనిక్ ఒలింపిక్స్ ఫైనలు అయినప్పుడైతే దొర పొద్దుగాల్నే రేడియో చంకల పెట్టుకొని మా గ్యాంగ్‌మన్ల క్వార్టర్లకు ఉరికొచ్చిండు. ఆఖరి మూడు సెకండ్లు తిప్పి తిప్పి ఆడిపిచ్చిండ్రట, అమెరికా ఒక్క పాయింటుతోని ఓడిందట, కోపానికి వెండి మెడల్ సుత తీసుకోలేదట. "మూడు సెకండ్లల దునియా మారుతది మొగిలీ" అన్నడు నాతోని. నాకేం సమజయితది, నాకప్పుడు పదిహేడేండ్లు.

సమజయింది రెండేండ్లకు.

మా నాయిన గ్యాంగ్‌మన్ అని నీకు తెలుసు గదా. పట్టాల మీద పని. ఆయినకు కండ్లు మసకవట్టె. ఇగ నువ్వు ఈ పనికి పనికిరావని దవాఖానల రాసిచ్చిండ్రు. నౌకరి పోతే క్వార్టరు సుత పోతది. రెండు నెలల్ల కాళీ చెయ్యాలె. నేనే పెద్దోణ్ణి, నా కింద ముగ్గురు. ఎటు పోవాలె? మా అవ్వ, అంటే మీ నాయినకు నాయినమ్మ, తొర్రూరు దిక్కు పిల్ల. అన్నదమ్ముల కాడికి పోయి నాట్లేసి బతుకుదాం తియ్యిండ్రి అనేది. నోటికి గట్ల అనేది గని, వంటింట్ల కూసోని ఏడ్సేది.

గప్పుడు పీటర్ దొర ఒక ముచ్చట మోసుకొచ్చిండు. రైల్వేల స్పోర్ట్స్ కోటాల ఒక్క ఖలాసి పోస్టు, అంటే కూలి నౌకరి, ఉన్నది. సికింద్రాబాద్ కెళ్ళి ఆఫీసర్ వస్తాండు, అక్కడి టీంను సుత తోలుకొస్తాండు, మన కాలనీ టీంతోని ఆడిపిస్తడు. మనోళ్ళల్ల ఎవడు మంచిగ ఆడితే వాని పేరు రాస్కొని సాయంత్రం రైలుకు పోతడు. గంతే బిడ్డా. ఒక్క ఆట, ఒక్క పేరు.

దొర ఇంకొకటి చెప్పిండు, "కోర్టు మీద దుమ్ము లేవొద్దు, ఆఫీసర్ తెల్ల బట్టలేసుకొని వస్తడు" అని. మా కోర్టు ఎర్రమట్టిది. నేను ఇంటికొచ్చి అవ్వతోని అన్న, దుమ్ముకు ఏం చెయ్యాలె అవ్వా అని. "గదెంత పని బిడ్డా, అలుకుదాం" అన్నది.

నేను నీళ్ళు చల్లుతదనుకున్న. ఆట నాడు పొద్దుగాల్నే నలుగురు ఆడోళ్ళను ఎంటవెట్టుకొని, రెండు గంపల పెండ తెచ్చి, బాస్కెట్‌బాల్ కోర్టు మొత్తం అలికింది! ఆ కొస కెళ్ళి ఈ కొస దాక. నిజం చెప్పాలంటే మస్తు కనవడ్డది, పచ్చగ, నున్నగ. దుమ్ము అన్నది లేదు. నేను దారం పట్టుకొని సున్నంతోని గీతలు గీసిన, నడుమ గుండ్రం గీసిన, ఇంటికి పోయి తానం చేసి వచ్చిన. వచ్చి చూస్తే ఏమున్నది?

ఆ నడిమి గుండ్రంల అవ్వ ముగ్గు ఏసింది. ఎనిమిది రేకుల తామర పువ్వు, చుట్టూ తీగ. నాలుగు మూలలకు నాలుగు పూలు. "ఒట్టి గుండ్రం గీసి ఇడ్సిపెట్టినవ్ బిడ్డా, బోసిగ కనవడ్డది" అన్నది నవ్వుకుంట.

నేనేమన్ననో తెలుసా? అందరి ముంగట, ఆ నలుగురు ఆడోళ్ళ ముంగట, "ఇది పెండ్లి వాకిలి అనుకున్నవా? నీకేమన్న సోయి ఉన్నదా? నా ఇజ్జత్ తీస్తానవ్" అని ఒర్రిన. ఆమె కొంగుకు చేతులు తుడుసుకొని పక్కకు జరిగింది. ఆ మొకం... జర నీళ్ళియ్యి బిడ్డా.

చెరిపేద్దామనుకున్న గని, గప్పటికే వాళ్ళు వచ్చిండ్రు. సికింద్రాబాద్ పోరగాండ్లు. తెల్ల కాన్వాసు బూట్లు, బనీన్ల మీద నంబర్లు. మేము ఉత్త కాళ్ళోళ్ళం. వాళ్ళు సిమెంటు కోర్టు మీద ఆడెటోళ్ళు. ఇగ సూడు తమాష, ముగ్గు కాడికి రాంగనే ఒక్కడు తొక్కలే. చుట్టూ తిరిగి పోయిండ్రు అందరు. ఆట షురూ కావాల్నంటే రెఫరీ ఆ గుండ్రంల నిలబడి బాలు పైకెయ్యాలె గదా. రెఫరీ ముసలాయిన ఈల నోట్ల పెట్టుకొని, ముగ్గు అంచున కాలు పైకెత్తి, మల్ల దించి, కొంగ నిలబడ్డట్టు నిలబడె. ఆఫీసర్ నవ్విండు. "ఎవరేసిండ్రు ఇంత మంచిగ?" అన్నడు.

మా అవ్వ గా గోడ కాడ్నే ఉన్నది. నేను నేల చూసుకుంట నిలబడ్డ. మా అవ్వ అని చెప్తే నా నోరేమన్న అరుగునా? చెప్పలే.

ఇగ గంతల్నే చినుకు. మిరుగం కార్తె వచ్చి నాలుగొద్దులే అయింది. చూస్తాంటనే దబదబ దంచింది. ముగ్గు తెల్లగ కారిపాయె, పెండ నానిపాయె, కోర్టంత సబ్బు రాసినట్టయింది. రెఫరీకి బాధ తప్పింది, బాలు పైకేసిండు. ఒక్క నిమిషం కాలే, వాళ్ళ కెప్టెన్ ఎల్లెలుకల పడ్డడు. తెల్ల బనీను, ఇగ ఏ రంగో నువ్వే అనుకో. లేచి "క్యాన్సిల్ చెయ్యిండ్రి సార్, ఇది ఆటనా?" అన్నడు. ఆఫీసర్ గడియారం చూసిండు. గది చూసిండంటే ఏంది, రైలుకు పోతాండన్నట్టు. క్యాన్సిలయితే పేరు లేదు, నౌకరి లేదు, మా నాయిన మూటలు కట్టాలె.

పీటర్ దొర కోటు కింద దాసుకొని ఆ రిజిస్టరు తెచ్చిండు. ఆఫీసర్ గొడుగు కింద ఇప్పి, ఏలు పెట్టి చదివి ఇనిపిచ్చిండు. బర్లిన్, మట్టి, వాన, పందొమ్మిది ఎనిమిది. "సార్, ఒలింపిక్ ఫైనలే బురదల ఆడిండ్రు. వీళ్ళను జర ఆడనియ్యిండ్రి" అన్నడు. రెండు చేతులు జోడిచ్చిండు బిడ్డా. ఆయినకు ఏం పడ్డది చెప్పు? నేను ఆయినకు చుట్టమా, పక్కమా? ఆఫీసర్ మొత్తం చదివిండు, నవ్విండు, "ఆడుండ్రి, బాలు కింద కొట్టకుండ్రి, చేతుల మీదికెళ్ళే పంచుకోండ్రి" అన్నడు.

ఆడినం. ఆడుడు ఏంది, పడుడే ఎక్కువ. నేను మూడు తాపలు పడ్డ. దొర అటు కొస కెళ్ళి ఇంగ్లీషుల ఏందో ఒర్రుతాండు, ఇనవడ్తలేదు. గప్పుడు గోడ కాడికెళ్ళి ఒక గొంతు. "మొగిలీ! కాలి ఏళ్ళు గుచ్చు! మడిమె లేపు! నాటేసేటప్పుడు మడిల నిలబడ్డట్టు నిలబడు బిడ్డా!"

మా అవ్వ. పొద్దుగాల నేను గన్ని మాటలన్న అవ్వ.

చిన్నప్పుడు తొర్రూరుల నన్ను పక్కకేసుకొని నాటేసేది. బురదల ఎనుకకు నడుసుకుంట ఎట్ల పడకుండ ఉండాల్నో నాకు గప్పుడే చెప్పింది, నేను మరిసిన. బొటనేలు గుచ్చిన. నిలబడ్డ. నిలబడి మావోళ్ళకు చెప్పిన. వాళ్ళంత సుత నాట్ల ఇండ్లల్లకెళ్ళి వచ్చినోళ్ళే, జెప్పన అందుకున్నరు. బూట్లోళ్ళు జారుతాండ్రు, మేము నిలబడ్తానం. పన్నెండు, తొమ్మిది. గెలిచినం. పన్నెండుల ఏడు నాయే.

ఆఫీసర్ నన్ను పిలిచిండు. పేరడిగిండు, నాయిన పేరడిగిండు, రాసుకున్నడు. "గంత బురదల నిలబడుడు ఎవరు నేర్పిండ్రయ్యా నీకు?" అన్నడు. ఎనుకకు తిరిగి చూసిన. మా అవ్వ మోకాళ్ళ దాక పెండ, చీర తడిసి ఒంటికి అతుక్కొని, వణుక్కుంట నా దిక్కే చూస్తాంది.

"పీటర్ సార్ నేర్పిండు సార్" అన్న.

దొర నన్ను చూసిండు. మా అవ్వను చూసిండు. ఆయినకు సమజయింది.

ఇంటికి పోయినంక నేను తల ఎత్తలే. అవ్వ రొట్టె చేసి పెట్టి, పక్కకు కూసోని, "మంచి పని చేసినవ్ బిడ్డా, దొర పేరు చెప్తెనే పని అయితది" అన్నది. కోపం లేదు. నిజంగనే గట్లనుకున్నది. గదే నన్ను ఇప్పటికి కొడ్తది.

నౌకరి వచ్చింది. క్వార్టరు నిలబడ్డది. తమ్ముండ్లు సదువుకున్నరు, మీ నాయిన ఆ క్వార్టర్లనే పుట్టిండు. నౌకరి వస్తే నా ఎత్తు బంగారం, అంటే బెల్లం, ఇస్తనని అవ్వ మొక్కుకున్నదట. మేడారం తోలుకపోయి అమ్మల కాడ తూకం ఏయించింది. తక్కెట్ల కూసోవెట్టి, "పన్నెండు పాయింట్లేసిండు తల్లీ నా కొడుకు" అని అక్కడ చెప్పుకుంటాంది! ఏడు అవ్వా, అంటే ఇనదు. దొర రిటైరై పోయేటప్పుడు రిజిస్టరు నాకే ఇచ్చిండు. సగం చెదలు తిన్నయ్, బర్లిన్ కాయితం మటుకు ఉన్నది. పెట్టెల ఉన్నది, ప్రాజెక్టుకు ఫోటో తీసుకో. చింపకు.

ఆ, ఇది సుత రాయి. ఎనభైల మాస్కో ఒలింపిక్స్‌కు మనోళ్ళు పోయిండ్రు, బాస్కెట్‌బాల్‌కు. శానా దేశాలు రానన్నయ్, మనకు జాగ దొరికింది. నేను రోజు రేడియో కాడ్నే. అవ్వ చాటల బియ్యం ఏరుకుంట, "గెలిచిండ్రా?" అన్నది. ఒక్కటి సుత గెలువలే అవ్వా అన్న. "వాన పడ్డదా?" అన్నది. లేదవ్వా, లోపట హాల్ల ఆడిండ్రు అన్న. "గందుకే" అన్నది.

నవ్వు, నవ్వు. నేను సుత గంత నవ్విన. నవ్వినప్పుడే చెప్పాలె, ఆ నిలబడుడు నువ్వే నేర్పినవ్ అవ్వా, నీ వల్లనే ఈ బుక్క తింటాన అని. నోటి దాక వచ్చింది. రేపు చెప్దాం తియ్యి అనుకున్న. ఏండ్లు గడిసినయ్ గట్లనే. ఎనభై ఆరుల పోయింది.

దొర చల్లగుండాలె, యాడున్నా. ఆ ఆఫీసర్ సుత, గొడుగు కింద నిలబడి చదివిండు గదా, చదవకుండ పోయినా అడిగెటోడు లేకుండె. మంచోళ్ళే తగిలిండ్రు నాకు. ఏ ఫికర్ లేకుండ తింటానమంటే వాళ్ళందరి పుణ్యమే.

నువ్వు సుత ఆడుతానవ్ గదా బిడ్డా స్కూల్ల. ఆడు. పడ్డా ఏం కాదు, లేస్తవ్. ఏ నేల మీద నిలబడ్డా నీ కాలు జారకుండ ఉండాలె, గంతే నేను కోరేది.

ప్రాజెక్టుల ఆఖరుకు, నేర్పినోళ్ళ పేర్లు రాస్తరు గదా? పీటర్ దొర పేరు రాయి. దాని మీద జాగ ఇడ్సిపెట్టు. ఇడ్సినవా? అండ్ల రాయి, కొమురమ్మ. మా అవ్వ పేరు. ఏదీ, చూపియ్యి... గంత చిన్నగనా? కొట్టేసి మల్ల రాయి బిడ్డా, పెద్దగ.