మాబావా పేరున దొరికిన మా నాయన

దొరికిండు! మా నాయన దొరికిండు!

సభకు దండం పెట్టకముందే మాట నోట్లోంచి జారిపోయింది, క్షమించండి. సంతాప సభలో ఇంత సంతోషంగా అరిచిన ముసలివాణ్ణి మీరెవరూ చూసి ఉండరు. ఏం చేయమంటారు? ఎనభై రెండేళ్ల వయసులో నాకు తండ్రి దొరికాడు. దొరికిన రోజే పోయాడు కూడా. రెండు కబుర్లూ ఒకే కాగితంలో వచ్చాయి. నవ్వాలా, ఏడవాలా? అప్పటి నుంచి నేను రెండూ చేస్తున్నాను.

పెద్దలారా, అన్నలారా, అక్కలారా! దెగ్లూర్ నుంచి ఎస్టీ బస్సులో నిలబడి వచ్చిన మా సాలె గల్లీ వాళ్లారా! దుకాణాలు మూసి వచ్చిన మరాఠీ సోదరులారా! అందరికీ పేరుపేరునా దండాలు.

నేను ఆడెపు హన్మాండ్లును. ఈ నాందేడ్‌లో యాభై అయిదేళ్లుగా బట్టలు కుడుతున్నాను. చదివింది నాలుగో తరగతి. ఈ కాగితాలు నేనే రాసుకొచ్చాను. తప్పులుంటే నా బిడ్డ మయూరి టీచరమ్మ కోపం చేసుకోవద్దు, ఇంటికి పోయినాక దిద్దుకోవచ్చు.

మనం ఇవాళ కూర్చున్నది మా నాయన ఆడెపు పోశెట్టి కోసం. ఆయన పోయింది పందొమ్మిది వందల నలభై నాలుగు ఏప్రిల్‌లో, బర్మా సరిహద్దులో, లడాయిలో. సంతాప సభ ఇవాళ. కుర్చీ మీద ఫోటో ఏదని పొద్దున ఒకరు అడిగారు. ఫోటో లేదు తమ్ముడూ. ఆయన ముఖం నేనే చూడలేదు. మేం దండ వేసింది ఒక కాగితానికి. ఆ కాగితం మీద ఒక పేరుంది. ఆ పేరు కూడా ఆయనది కాదు. ఆ ముచ్చట చెప్పడానికే నిలబడ్డాను.

మా నాయన ఎటువంటి మనిషి? నాకేం తెలుసు? మా అమ్మ జనాబాయి చెప్పినంతే నాకు నాయన. లడాయి కాలంలో నూలు కరువైంది. దెగ్లూర్‌లో మా గల్లీ మగ్గాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఎక్కడ తిరిగాడో, ఎవర్ని బతిమాలాడో, మా నాయన రెండు కట్టల నూలు తెచ్చాడు. తెచ్చి, ఒక కట్ట పక్కింటి ముసలాయన మగ్గం మీద పెట్టి వచ్చాడు. అమ్మకు కోపం వచ్చింది. "మన మగ్గం నాలుగు రోజులల్ల ఆగుతది, ఎర్కనా?" అని అడిగింది. ఆయన ఏమన్నాడు? "రెండు మగ్గాలు ఆడితె గల్లీ ఉన్నట్టు. ఒక్కటే ఆడితె అది చప్పుడు గాదే, ఏడుపు" అన్నాడట.

నాలుగు రోజులకు మా మగ్గం ఆగింది. పక్కింటి మగ్గం కూడా ఆగింది. అప్పుడు ఫౌజు భర్తీ అని డప్పు వేశారు. నేను అమ్మ కడుపులో అయిదు నెలలు.

భర్తీకి నాందేడ్ వచ్చినప్పుడు మా మేనమామ ముత్తన్న వెంట వచ్చాడు. అమ్మకు తమ్ముడు, మా నాయనకు బామ్మర్ది. ముత్తన్న మామకు ఛాతీ కొలత చాలలేదు, పక్కకు నెట్టేశారు. మా నాయనను నిలబెట్టి డాక్టరు పళ్లు చూస్తున్నాడు. నోరు తెరిచి నిలబడ్డ మనిషి ఏం మాట్లాడతాడు? సరిగ్గా అప్పుడే బల్ల దగ్గర కూర్చుని పేర్లు రాసుకునే కారకూన్ తల ఎత్తకుండా "యే కౌన్ హై?" అని అడిగాడు. మా మామ చేతులు కట్టుకుని, ఎంతో గౌరవంగా, "మా బావ" అన్నాడు. ఆ కారకూన్ రాసేసుకున్నాడు. "బాప్ కా నామ్?" "లింగన్న." "గావ్?" "దెగ్లూర్." "బీబీ?" "మా అక్క జనాబాయి." అయిపోయింది భర్తీ.

ఈ ముచ్చట మీలో సగం మంది విన్నారు. ఎందుకు వినరు? మా మామ ప్రతి పెండ్లిలో, పంక్తిలో కూర్చున్న ప్రతిసారీ చెప్పేవాడు. "సర్కారు కాగితంల గూడ గాయిన నాకు బావనే! ఇంగ్రేజు రాజుకు గూడ బావనే!" అనేవాడు. నవ్వేవాళ్లం. పప్పు వడ్డించే వాళ్లు కూడా ఆగి నవ్వేవాళ్లు. నవ్వాం, నవ్వాం, యాభై ఏళ్లు నవ్వాం. ఆ నవ్వులోనే మా నాయన ఉన్నాడని మాకు తెలిసిందా? మాలో ఒక్కరికైనా తెలిసిందా?

లడాయి అయిపోయింది. పోయిన వాళ్లు కొందరు తిరిగి వచ్చారు. మా నాయన రాలేదు. చనిపోయాడన్న కబురూ రాలేదు. పోశెట్టి పేరు చెప్పి అమ్మ, మామ ఏ ఆఫీసు మెట్లు ఎక్కినా ఒకే మాట: ఆ పేరు గలవాడు మా పటాలంలో లేడు. లేడంటే ఏమిటి అర్థం? భర్తీ అయ్యాడు కదా, మా మామ కళ్లారా చూశాడు కదా! అప్పుడు గల్లీలో ఒక మాట పుట్టింది. "బగోడా." ఫౌజు నుంచి పారిపోయినవాడు. దానికి ఇంకో మాట తోడైంది: "బర్మాల ఇంకో సంసారం పెట్టిండట."

పన్నెండేళ్లు గడిచాక కులం పెద్దలు వచ్చి, దర్భలతో బొమ్మ చేసి కర్మ చేయించు జనాబాయీ అన్నారు. అమ్మ ఒప్పుకోలేదు. "బొమ్మను కాల్చి నా మొగడు అని ఎట్లనుకోవాలె? నాకు కాగితమన్న తేండ్రి, మనిషినన్న తేండ్రి" అంది. బొట్టు తీయలేదు, గాజులు తీయలేదు. పెండ్లిళ్లలో ముత్తైదువలు ఆమెకు పసుపు ఇవ్వాలా వద్దా అని ఒకరి ముఖం ఒకరు చూసుకునేవారు. అమ్మ వాళ్లను ఇబ్బంది పెట్టకుండా వంటింట్లోకి పోయి ఉల్లిగడ్డలు కోసేది. ఆమె కళ్ల నీళ్లకు ఎవరూ కారణం అడగకుండా ఉల్లిగడ్డలు కోసేది.

ఇప్పుడు నా పాపం చెప్పాలి. చెప్పకపోతే ఈ దండ వేసిన చేతులకు అర్థం లేదు.

మన మహారాష్ట్రలో తండ్రి పేరు లేకుండా మనిషి ఉన్నాడా? బడిలో, రేషన్ కార్డులో, ఓటరు చీటీలో, ఎక్కడ చూసినా నడుమ తండ్రి పేరు. హన్మాండ్లు పోశెట్టి ఆడెపు. బడిలో హాజరు పిలిచిన ప్రతిరోజూ వెనక బెంచీలో ఎవడో ఒకడు "బగోడా" అని గొణిగేవాడు. నాందేడ్‌లో దుకాణం పెట్టినప్పుడు బోర్డు రాసే పెయింటర్ "పూర్ణ నావ్ సాంగా" అని పూర్తి పేరు అడిగాడు. నేను హన్మాండ్లు ఆడెపు అని చెప్పాను. "వడిలాంచ నావ్?" అని తండ్రి పేరు అడిగాడు. జాగా చాలదు అన్నాను. అమ్మ అక్కడే నిలబడి ఉంది. పెయింటర్ చాయ్ తాగడానికి పోయినప్పుడు బోర్డు దగ్గరికి వచ్చి, రెండు పేర్ల నడుమ వేళ్లు చాపి కొలిచింది. "జానెడు జాగ ఉన్నది గద, బిడ్డా" అంది. అంతే. జన్మలో మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఆ జానెడు జాగా యాభై అయిదేళ్లు ఖాళీగానే ఉంది. ముప్పై నాలుగేళ్ల కింద అమ్మ బొట్టుతోనే పోయింది, ఆ జాగా ఖాళీగా ఉండగానే పోయింది.

మయూరికి ఇదంతా నేను చెప్పలేదు. ఎట్లనో తెలుసుకుంది. ఉమ్రిలో బడి, ఇల్లు, ఇద్దరు పిల్లలు, వీటి నడుమ ఆరేళ్లు వెతికింది. లడాయిలో పోయినవాళ్ల పేర్లు ఇప్పుడు కంప్యూటర్‌లో ఉంటాయట. పోశెట్టి అని వెతికింది, పోచెట్టి అని, పోశట్టి అని, ఆడెపు అని, ఎడపు అని వెతికింది. ఎందరో దొరికారు. ఎవరి నాయనలో, ఎవరి కొడుకులో! మనవాడు దొరకలేదు. "ఇడిసిపెట్టు బిడ్డా, దొరికితె ఏం జేస్తం?" అన్నాను నేను. నిజం చెప్పనా? దొరుకుతాడని నాకు భయం. బగోడా అని రాసి ఉంటే?

మొన్న వైశాఖంలో నా మనవడు యోగేశ్‌కు పెండ్లి సంబంధం ఖాయమై సాఖర్‌పుడా జరిగింది. ముత్తన్న మామ లేడు గానీ, తొంభై రెండేళ్ల మా యమునాబాయి అత్త ఉంది కదా. పంక్తిలో కూర్చుని, పోయిన మొగుడి గొంతు పెట్టి అదే ముచ్చట ఎత్తుకుంది. "యే కౌన్ హై? మా బావ!" అందరం నవ్వాం. మయూరి చెయ్యి విస్తట్లో ఆగిపోయింది. "అవ్వా, మళ్లొక్కపారి చెప్పు. గాయిన ఏమని రాసుకున్నడు?" అంది. "ఏమని రాస్తడే పిచ్చిదానా? జెప్పిందే రాస్తడు. మా బావ!" ఎడమ చేత్తో ఫోన్ తీసి ఆ మాటే పేరుగా వెతికింది నా బిడ్డ. కుడి చేతికి అన్నం అట్లనే ఉంది.

మాబావా. లింగన్న కొడుకు. జనాబాయి భర్త. ఊరు దెగ్లూర్.

సేవలో ఉండగా మరణం అని రాసి ఉంది. పారిపోయాడని లేదు అక్కలారా! అన్నలారా, వినండి, పారిపోయాడని లేదు! ఎట్లా పోయాడో రాయలేదు. తూటాకో, జ్వరానికో, రోడ్డు వేస్తుండగా కొండ విరిగిపడో తెలియదు. కానీ పోయేదాకా నిలబడ్డాడు. దూరదేశంలో ఒక గోడ మీద చెక్కిన పేర్లలో ఆయన పేరూ ఉంది, బామ్మర్ది పెట్టిన పేరు.

ఇంతవరకైతే నేను సంతోషంతోనే చచ్చిపోయేవాణ్ణి. కానీ మయూరి అర్జీ పెడితే ఇంకో కాగితం నకలు వచ్చింది, పన్నెండు రోజుల కింద. అందులో ఒక్క వాక్యం. "మరణవార్త ఇంటికి పంపబడినది, ఈ పేరు గలవారు ఊరిలో లేరని తిరిగి వచ్చినది."

కబురు వచ్చింది. మా ఊరికి వచ్చింది. మా గల్లీకి వచ్చింది.

ఎట్లా తెలుసంటారా? అమ్మ ముసలితనంలో నాకు ఒక ముచ్చట చాలాసార్లు చెప్పింది. ఒక పొద్దున డాక్ మనిషి, ఒక్క మనిషి పేరు, ఊరి పేరు తప్ప ఇంకే పేరూ లేని ఫౌజు కాగితం పట్టుకుని, అందులోని ఇంగ్లిష్ అక్షరాలు కూడబలుక్కుంటూ, "మబవా ఇల్లు ఏది? మనిషి పోయిండు" అని గల్లీ అంతా అడిగాడట. మా వాకిట్లోనూ ఆగాడట. నేను అమ్మ కొంగు పట్టుకుని నిలబడి ఉన్నానట. అమ్మ ఏమంది? "గా పేరోళ్లు ఈడ లేరయ్యా. సాయిబుల గల్లీల అడుగు, పాపం" అంది. ముత్తన్న మామ అప్పుడు కిన్వట్ అడవిలో కర్ర పనిలో ఉన్నాడు. ఉంటే తెలిసేదేమో, తెలియకపోయేదేమో. నవ్వుతూ విన్న మాట చావు కాగితంలోంచి బయటికొస్తే ఎవరు గుర్తుపడతారు?

డాక్ మనిషి పోయాక అమ్మ ఆ పూట పొయ్యి రాజేయలేదట. ఎందుకమ్మా అని నేను అడిగాను. "ఫౌజోని పెండ్లాన్ని, ఇంకో ఫౌజోని పెండ్లాం గోస నాకు ఎర్క లేదా? ఎవతో ఏమో, ఆమె ఇంట్ల పొయ్యి రాజదు గద. నా ఇంట్ల ఎట్ల రాజేస్త?" అంది.

చావు ఇంట్లో పొయ్యి రాజేయరు. మన ఆచారం. మా అమ్మ ఆచారం తప్పలేదు. మొగుడి కోసం ఏడవడానికి నోచుకోలేదని నేను ఇన్నేళ్లు అనుకున్నాను. ఏడ్చింది. ఎవరి కోసమో అనుకుని ఏడ్చింది. పేరు తెలియని ఆ ఆడమనిషి మీద జాలిపడింది. ఆ ఆడమనిషి తనే.

ముత్తన్న మామను ఎవరూ తప్పు పట్టకండి. నేను ఆ పేరు గురించి చాలా ఆలోచించాను. రెండేళ్లు బర్మా సరిహద్దు అడవుల్లో పటాలం మొత్తం మా నాయనను ఏమని పిలిచి ఉంటుంది? పఠాను పిలిచినా, గూర్ఖా పిలిచినా, దొర పిలిచినా, "బావా" అనే కదా! ఇంటికి అంత దూరంలో ఉన్న మనిషికి అంతకంటే మంచి పేరు ఎవరు పెడతారు? అందుకే దిద్దించుకోలేదేమో ఆయన.

నిన్న గోదావరి ఒడ్డున పిండం పెట్టాను. దర్భ బొమ్మ అక్కర రాలేదు. అమ్మ అడిగిన కాగితం ఉంది. సాయంత్రం నా కొడుకు కైలాశ్ దుకాణం బోర్డు దింపించి, ఆ జానెడు జాగాలో నాయన పేరు రాయించాడు. అమ్మ చెప్పింది నిజం. జాగా సరిగ్గా సరిపోయింది.

ఇక లేవండి. మోకాళ్లు నొస్తున్న వాళ్లు కూర్చునే ఉండండి, మా నాయన ఏమనుకోడు. రెండు నిమిషాలు నోరు మూసుకుని నిలబడదాం. ఆయన కోసం, ఆయనతో పాటు తప్పు పేర్ల కింద పడి ఉన్న వాళ్లందరి కోసం. నిలబడ్డప్పుడు ఒక్కటి ఆలోచించండి, ఈ కబురు ఎవరెవరికి అందాలో. నేను రాసుకున్నది చదువుతాను, అయిపోగానే మౌనం.

ఉమ్రిలో యమునాబాయి అత్తకు. ఇవాళ రాలేకపోయింది, గట్టిగా చెప్పండి, కుడి చెవిలో. ఆమె చెప్పిన నవ్వుల ముచ్చటే మాకు నాయనను తెచ్చిందని చెప్పండి.

కిన్వట్‌లో ముత్తన్న మామ బిడ్డ నర్మదకు. ఆమె తండ్రి తప్పేం లేదని మొదట చెప్పి, తర్వాత మిగతాది.

నిజామాబాద్‌లో మా నాయన చెల్లెలి మనవలకు, వాళ్లు బగోడా అన్న మాట విని మాతో రాకపోకలు మానుకున్నారు. రమ్మనండి.

దెగ్లూర్ సాలె గల్లీకి. వెంకట్రావ్, రెండో వరుసలో తల దించుకుని కూర్చున్నావు, లే నాయనా. ఆ మాట మీ నాయన నోట్లో పుట్టిందని నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఆయనకూ నిజం తెలియదు. గల్లీకి నువ్వే చెప్పు. ఆ నోట పుట్టిన మాట నీ నోట ఆగాలి.

యోగేశ్‌కు పుట్టబోయే పిల్లలకు, పుట్టగానే.

ఇక మా అమ్మ జనాబాయికి. ఆమెకు మీరెవరూ చెప్పకండి. ఆమెకు నేను పోయి చెప్పుకుంటాను. ఇంకెంతో ఆలస్యం కాదు.