ఆ కౌగిలింత మా సినిమాలో లేదు

పెద్దలారా, అమ్మలారా, బైందుతో ఎండలో నిలబడి పనిచేసిన పిల్లలారా! రాజధాని ఫ్రీటౌన్ నుంచి కూడా ఇంత వానలో మన బో ఊరి దాకా వచ్చారు. మన దర్శకురాలు బైందు కల్లన్ పోయి వారమైంది, జ్వరంతో. నాకింకా ఏడుపు రాలేదు, కోపమే వస్తోంది. ఎందుకో చెబుతాను.

ఆమె సినిమాగా తీసిన నవల నాది. యుద్ధం ముగిశాక ఒక ఆడమనిషి సొంత ఊరికి తిరిగొస్తుంది. తన ఇల్లు తగలబెట్టినవాడే ఇప్పుడు పక్కింటివాడు. అంతే కథ. ఇందులో తుపాకులెక్కడున్నాయి? అయినా డబ్బు పెట్టిన పెద్దమనుషులు మొదట్లో కాల్పులు కావాలని పట్టుబట్టారు. బైందు తలొగ్గింది. ఆ ఒక్కసారే.

మేం సినిమా తీసిన సెంబేహున్‌లో ఊరివాళ్లే నటులు. ఉత్తుత్తి కాల్పులేనని ముందే చెప్పాం, తుపాకులు చేతికిచ్చి చూపించాం, నవ్వుకున్నారు కూడా. మొదటి చప్పుడుకి ఊరు ఊరంతా పిల్లల్ని చంకనేసుకుని అడవిలోకి పరుగు. ఒకావిడైతే పొయ్యి మీది అన్నం కుండతో సహా. పేరు పెట్టి పిలిస్తే ఎవరు పలుకుతారు? ఆ రోజుల్లో చంపడానికొచ్చినవాళ్లూ పేర్లు పెట్టే పిలిచారు కదా! చివరికి బైందు చెట్ల మధ్య కూర్చుని, వరిచేలో కలుపు తీస్తూ ఆడవాళ్లు పాడుకునే పాట ఎత్తుకుంది. ఆమె గొంతు ఎంత ఘోరమో మీకు తెలుసు. అయినా ఒక్కొక్కరే బయటికొచ్చారు. వాళ్లకు క్షమాపణ చెప్పి, కాల్పులు తీసేసింది. తుపాకీ మోత లేని యుద్ధం సినిమా ఎవరు చూస్తారని పెద్దమనుషులు గోల పెట్టారు. “యుద్ధం మీరే తీసుకోండి. నేను తీసేది ఆ తర్వాత బతకడం గురించి” అంది.

ఆ తర్వాత ముగింపు మీద పడ్డారు. నా నవల చివర పక్కింటివాడు ఉప్పు అడుగుతాడు. ఆమె గుమ్మంలోంచే ఇస్తుంది, లోపలికి రమ్మనదు. అది చాలదట. ఇద్దరూ కౌగిలించుకుని ఏడవాలట. బైందు వాదించలేదు. ఆ పాత్ర వేస్తున్న కేమా వైపు తిరిగి, చేస్తావా అని అడిగింది. కేమా సొంత ఇల్లూ అలాగే కాలింది, మిత్రులారా. ఆవిడ చేతులు తుడుచుకుంటూ అంది: “పక్కనే బతకమన్నారు, బతుకుతున్నా. ఉప్పడిగితే ఇస్తున్నా. మళ్లీ కౌగిలించుకోవడం కూడానా?” బైందు కెమెరా కట్టేయమంది. సినిమా ఆ ఉప్పు దగ్గరే ముగిసింది.

ఆమెను పూడ్చిపెట్టిన రోజు, ఇంకా చేతుల మట్టి కడుక్కోకముందే, అదే పెద్దమనుషులు నన్ను పక్కకు పిలిచారు. ఆమె ఎలాగూ లేదు, నువ్వు సరేనంటే ఇంకో దర్శకుణ్ణి పెట్టి ఆ కౌగిలింత తీసి చివర అతికిస్తాం, కాదంటే సినిమా బయటికి రాదన్నారు. వాళ్లిప్పుడు ఇక్కడే, ముందు వరసలోనే కూర్చున్నారు. అయ్యా, నా జవాబు అందరి ముందూ వినండి. ఒప్పుకోను. మీ సినిమా హాళ్లు మీరే ఉంచుకోండి. ఒక ప్రతి మా దగ్గరుంది. సెంబేహున్‌లో దుప్పటి తెరగా కట్టి చూస్తాం, తర్వాత పక్క ఊళ్లో చూస్తాం, ఆ పక్క ఊళ్లో చూస్తాం. బైందు తీసింది తీసినట్టే చూస్తాం. చచ్చిపోయిన మనిషి నోట మీ మాట పెడతారా? మేం బతికుండగానా?

ఇక లేవండి. బైందు కోసం కాసేపు నిలబడదాం. ఆ కౌగిలింత కావాలనుకునేవాళ్లు మాత్రం కూర్చునే ఉండండి.