నీళ్ళు దిగని సాక్సులు

బడి వదిలాక ఓర్వకల్లు స్టాపులో కర్నూలు బస్సు కోసం ఇద్దరే మిగిలారు: లెక్కల టీచరు రెజీనా, సైన్సు సారు క్రాంతి కుమార్. ఇన్నాళ్ళూ ఇంట్లో పెట్టెలోనూ బడి అల్మారాలోనూ దాచిన సంచీని సారు ఎట్టకేలకు టీచరు చేతిలో పెట్టాడు. పెట్టిన మరుక్షణమే, ఎందుకు పెట్టానురా భగవంతుడా అనుకున్నాడు.

"ఏంది సార్ ఇవి? దిండు గలీబులా?"

"సాక్సులు, టీచర్."

"సాక్సులా! ఏనుగుకా?"

"నగొద్దండి. వాటర్‌ప్రూఫ్ సాక్సులు. శనివారం మన చర్చి యూత్ అంతా నల్లమలకు పోతాండాం గదా. అడివిలో వానలు పడతాండాయి. వాగులు దాటాల. ఇవి ఏసుకుంటే కాళ్ళు తడవవు."

"ఈడ చూస్తే దుమ్ము ఎగరతాండాది. ఈ ఎండలో నిలబడి వాన సాక్సులు పట్టుకున్నామని ఎవురైనా చూస్తే..."

"చూడనీలే."

"అదేంది, లోపల తడిగా ఉండాదే?"

"అది... నీళ్ళు పోసి చూసినా."

"పైననా?"

"లోపల. నిండా పోసి దండేనికి కట్టినా. చుక్క కారలేదు టీచర్! మా అమ్మ కూడా చూసి భేష్ అనె."

"మీరు సైన్సు సారు గదా?"

"ఎందుకట్లంటారు?"

"ఇవి నీళ్ళు లోపలికి రానీకుండా ఉండేటివా, బయటికి పోనీకుండా ఉండేటివా?"

"రెండూ ఒకటే గదా. కారలేదంటే కారలేదు."

"మరి మోకాలు లోతు వాగొస్తే? పైనుంచి నీళ్ళు దిగితే?"

"దిగితే... దిగుతాయి."

"దిగినేవి?"

"దిగినేవి... పోవు."

"అంటే కాలికొక బిందె కట్టుకోని కొండెక్కాల."

"టీచర్!"

"మన సీమోళ్ళ బుద్ధే అంత సార్. కొత్త వస్తువు ఏది కనపడినా, దాంట్లో నీళ్ళు నిలుస్తాయా అనే చూస్తాం. కాళ్ళు యాడ గుర్తొస్తాయి! ఏం సార్, అలిగినారా?"

"లేదు."

"అలిగినట్టే ఉండారే. సరే, ఇంత పెద్దవి ఎట్ల తెచ్చినారు? నా కాలు చూడండి, ఒక్కదాంట్లో రెండు కాళ్ళూ పడతాయి."

"కొలత సరిగ్గానే తీసుకున్నా."

"నా కాలు ఎప్పుడు కొలిచినారు?"

"కాలు కాదు."

"మరి?"

"బస్సు వచ్చినట్టుండాది."

"అది లారీ. చెప్పండి."

"చెప్పులు."

"చర్చి బయట ఇడిచినేవా?"

"అందరూ కండ్లు మూసుకున్నప్పుడు... బయటికొచ్చి... వేపపుల్లతో..."

"ప్రార్థనలోనా!"

"ఆమెన్ అనేలోగా వచ్చి కూర్చున్నా."

"ఏ చెప్పులు సార్?"

"ఆ గోధుమరంగువి. అంతకుముందు ఆదివారం మీరు ఏసుకొచ్చినారు గదా."

"ఆ దినం నా చెప్పు తెగింటే మా అమ్మవి ఏసుకొచ్చినా. మీరు కొలిచింది మా అమ్మ ఓబులమ్మ చెప్పులు."

"అయ్యో దేవా!"

"అంతటితో అయిపోలేదు. మా అమ్మ చూసింది."

"ఆమె కండ్లు మూసుకోలేదా?"

"మోకాళ్ళ నొప్పికి వాకిలి కాడ కుర్చీలో కూర్చుంటాది గదా. ప్రార్థనలో కూడా ఒక కన్ను చెప్పుల మీదనే ఉంటాది, ఎవురైనా ఎత్తుకపోతారేమోనని. 'దొంగైతే ఎత్తుకపోతాడు గానీ, కొల్చుకుంటాడా మే?' అని ఇంటికొచ్చి నన్నే అడిగె."

"మీరేమన్నారు?"

"నేనేమంటా? ఏదో అన్నాలే."

"ఇంగ నేను చర్చికి ఎట్ల రావాల?"

"కండ్లు మూసుకోని రండి."

"మీకు నవ్వులాటగా ఉండాది. ఇవి వాపసిచ్చి చిన్నవి తెస్తాలే, శనివారం లోపల."

"వద్దులే సార్. శనివారం నేను వస్తానో రానో."

"ఎందుకు?"

"సోమవారం ఇంటికి మనుషులొస్తాండారు. ఇల్లు సర్దుకోవాల, పని ఉంటాది."

"కడపోళ్ళా?"

"మీకెవురు చెప్పినారు?"

"పాస్టరమ్మ. పిల్లోడు బ్యాంకులో పని చేస్తాడంట, మిమ్మల్ని చూసేదానికి వస్తాండారంట. ఎట్లుంటాడు?"

"ఫోటోనే చూసినా."

"ఎట్లుండాడు?"

"బూట్లకు పాలిష్ బాగా పెట్టినాడు."

"నేనడిగింది అది కాదు."

"మీరేం అడిగినారు సార్? రెండేండ్ల నుంచి ఇదే స్టాపులో నిలబడతాండాం. వాన వస్తాదా టీచర్, బస్సు వస్తాదా టీచర్. ఈ రెండూ తప్ప మీరు నన్ను ఇంకోటి అడిగిందే లేదు."

"ఇప్పుడు అడిగితే?"

"బస్సు వస్తాండాది."

"నిజంగానా?"

"ఈసారి నిజంగానే. అడిగేదుంటే బిరీన అడగండి."

"అడివిలో, వాగు కాడ అడుగుదామనుకున్నా. ఎట్ల అడగాలో కూడా అనుకోని పెట్టుకున్నా. ఇప్పుడు ఒక్క ముక్కా గుర్తుకు రాలేదు. రెజీనా, నువ్వంటే నాకు శానా ఇష్టం. నువ్వు కడపకు పోతే నేను ఈ స్టాపులో ఒక్కణ్ణే నిలబడలేను. నన్ను పెండ్లి చేసుకుంటావా?"

"బస్సు ఆగుతాండాది."

"ఆగనీలే. ఊ అను, రేపే మా అమ్మానాయనను మీ ఇంటికి పంపిస్తా. ఆ కడపోళ్ళు వచ్చేలోగానే పంపిస్తా."

"నువ్వు పంపించే పన్లేదు. కడపోళ్ళను మా అమ్మ ఎప్పుడో రావద్దనేసింది. సోమవారం మా ఇంటికి వచ్చేది మీ అమ్మానాయనే. పిల్చింది మా అమ్మ, పిలిపించింది నేను. నువ్వు నోరు తెరిచి అడిగేదాకా నీకు చెప్పొద్దని అందరం ఒట్టేసుకున్నాం. బస్సెక్కు."