పోయొస్త అనరాని గేటు

ఏమంటివి రజితా? "పోత తాతా" అంటివా? కూసో ముందు. నీ నాగర్‌కర్నూల్ బస్సు ఇంకో అర్ధగంటకు గని రాదు. ఈ వనపర్తిల ఏ బస్సు ఎప్పుడొస్తదో నాకెరుకలేదా? ఇంటికొచ్చిన మనిషి పోయేటప్పుడు "పోయొస్త" అనాలె. పోత అంటే మల్ల రానన్నట్టు. సచ్చేటోళ్ల మాట అది. మీ అమ్మ నేర్పలేదా? నేర్పే ఉంటది, నీకు ఆ ఫోన్ల ఇనపడకపాయె. "జైలుకు పోయినోడు బాగుపడతడా తాతా, కాలేజీల రాయమన్నరు" అని పొద్దుగాల సంది నా పానం తీస్తివి గదా. ఆ ముచ్చటంత ఈ ఒక్క మాట కాడ్నే ఉంది. ఇను మరి.

జములయ్య అని ఒకడుండె. గద్వాల దిక్కోడు. జమ్ములమ్మ తల్లి పేరు పెట్టుకొని దొంగతనాలేందిరా అని నేను తిడుతుంటి. నేనప్పుడు జైల్ల వార్డర్‌ను, గేటు డ్యూటీ నాదే. వాడు తాళం పగలగొట్టెటోడు గాదు. అందరు పత్తి తియ్య పోయినంక, మిట్టమధ్యాన్నం, గొళ్లేనికున్న స్క్రూలు ఇప్పి లోపలికి పోతుండె. రాత్రెందుకు పోవురా అంటే, "రాత్రి ఇంట్ల జొరబడితే శిక్ష ఎక్కువ సారూ" అంటడు. నువ్విప్పుడు సదువుతున్న లా, వాడు నీకన్న ముందే సదివిండు, బడికి పోకుంట. బయటికొచ్చినంక మల్ల స్క్రూలన్ని బిగిచ్చి పోతుండె. తాళం తాళం లెక్కనే ఉంటది. తిమ్మాజిపేట దిక్కు ఒక ఊర్ల ఒకామె గొలుసు పోయిందని మూడు దినాలు కోడలి మీద పడి కొట్లాడింది, దొంగ పడ్డడని తెల్వక. నవ్వకు. ఆ కోడలు మూడు దినాలు బువ్వ తినలేదట. కోర్టుల ఆ సంగతి ఇన్నప్పుడు జములయ్య తల దించుకున్నడు. పైసలు పోతే మల్లొస్తయి, మీద పడ్డ మాట ఎనకకు పోతదా? వాని పనిని నేనెప్పుడు మెచ్చుకోలే.

మొదటిసారి ఆర్నెళ్లు పడ్డది. అయిపోయినంక గేటు కాడ చేతులు జోడిచ్చి "పోయొస్త సారూ" అన్నడు. మంచి మర్యాద. నేను సుత మర్యాదకు, "మంచిది, పోయి రా" అన్న. చూడు నా తెలివి. జైలు గేటు కాడ నిలబడి, పోయి రా అంటరా ఎవరన్న? ఎనిమిది నెలలకు వచ్చిండు. "మీరు రమ్మంటిరి గద సారూ" అని ఎక్కిరిచ్చిండు సుత. రెండోసారి ఏడాదిన్నర. పోయేటప్పుడు మల్ల అదే మాట, నా నోట్ల నుంచి మల్ల అదే జవాబు. అలవాటు బిడ్డా, నోరు ఆగదు. మూడోసారి జడ్జిగారు పాత శిక్షలు రెండు ముందట పెట్టుకొని, వీనికి తక్కువేస్తే బుద్ధి రాదని మూడేండ్లు ఏసిండు.

గప్పుడొచ్చింది బాలమణి, వాని పెండ్లాం. ములాఖత్‌కు వచ్చి వానితోని మాట్లాడనే లేదు, సక్కగ నా మీదికొచ్చింది. సంకల ఆడపిల్ల. "ఆయనను రెండుసార్లు పోయి రా అన్నది నువ్వేనా సారూ" అన్నది. నాలుగోసారి గిట్లయితే బిడ్డను తీస్కొని బొంబాయి పోత, రాళ్లు మోసుకొని బతుకుత, ఆయనకు నా మొఖం కనపడదు అని చెప్పి, ఎనకకు చూడకుంట పోయింది. ఆమె ఉత్తగ బెదిరిచ్చే మనిషి గాదు. నేను పోయి వానికి ఉన్నదున్నట్టు చెప్పిన. ఆ దినం వాడు బువ్వ ముట్టలే.

తెల్లారి సూపరిండెంట్ సారుకు చెప్పి వాన్ని కట్టెపని షెడ్ల ఏపిచ్చిన. స్క్రూ ఇప్పనొచ్చినోనికి బిగిచ్చుడు రాదా? రెండేండ్లల్ల బెంచీలు, బల్లలు, తలుపులు, అన్ని చేసిండు. పని మంచిగ చేస్తే శిక్షల కొన్ని దినాలు మాఫీ అయితయి, అట్ల జర ముందుగాలనే ఇడిచిండ్రు. గేటు కాడికొచ్చి వాడు నోరు తెరువంగనే నేను చెయ్యి అడ్డం పెట్టిన. పోత అను అన్న. "అపశకునం సారూ, ఇంటికి పోంగ పోంగ ఆ మాటేంది" అన్నడు. "ఇది ఇల్లు గాదురా. ఇక్కడ అదే శుభం. అంటేనే తాళం తీస్త." పావుగంట నిలబడ్డడు. బయట బాలమణి బిడ్డను పట్టుకొని చూస్తుంది. ఆఖరికి, "పోత సారూ" అన్నడు, కండ్లల్ల నీళ్లు. పో, మల్ల ఈ గేటుకు రాకు అన్న. నాకు సుత కండ్లు తడిసినయి, ఎందుకు దాసుకోవాలె.

బయటికొచ్చినోనికి పనెవరిస్తరు? దొంగతోని తలుపులు పెట్టిపిచ్చుకుంటరా? గప్పుడే ఈ ఇల్లు కడుతుంటి. తలుపులన్ని వానికే ఇచ్చిన. దొంగ చేతికి తాళం చెవులిచ్చిండు బుచ్చన్న అని మా వాడకట్టంత నవ్వింది. నవ్వనీ అన్న. ఆరు నెలలకు మా ఎనక వీధిల దొంగలు పడ్డరు, పోలీసులు సక్కగ జములయ్యను గుంజుకపోయిండ్రు. నేను ఆ ఇంటికి పోయి తలుపు చూసి, స్టేషన్‌కు పోయి చెప్పిన. సారూ, ఆడ గొళ్లేన్ని గడ్డపారతోని పీకిండ్రు. వీడు అట్ల పీకడు, వీనికి అది పని లెక్కనే అనిపియ్యదు. వీడయితే స్క్రూలు మల్ల బిగిచ్చి పోతుండె అన్న. ఎస్సై నవ్విండు గని పోయి చూసొచ్చిండు. వారానికి అసలోడు దొరికిండు. ఇగ చూడు, జనానికి ఎట్ల తెలివొచ్చిందో! దొంగ పెట్టిన తలుపు దొంగకు తెరువరాదు అని వాని ఎనక తిరిగిండ్రు. కొల్లాపూర్ దాక పిలిపిచ్చుకున్నరు. బిడ్డను నర్సు సదివిచ్చిండు.

ఆ దినం సంది వాడు నాకు పోయొస్త అనలే. ఎప్పుడొచ్చినా, చాయ తాగి, లేసి, "పోత సారూ" అంటుండె. మా ఇంటామె తిడుతుండె, దీపాల యాళ్లకు ఆ మాటేందని. వాడు నవ్వుతుండె. నాకు ఎంత గర్వముండెనో! జడ్జిలు మూడుసార్లు చేయలేనిది, నేను ఒక్క మాటతోని చేసిన అనుకుంటుంటి.

వాడు కాలంజేసి పన్నెండేండ్లయింది. కడుపుల గడ్డ లేసింది, హైదరాబాద్ దవాఖానకు తీస్కపోతున్నరు. ఈ తొవ్వనే పోతు ఆటో ఆపిపిచ్చిండు. బాలమణి పట్టుకుంటే మెల్లగ ఆ గడప దాక వచ్చి, తలుపు మీద చెయ్యి ఏసి నిలబడ్డడు. వాడు పెట్టిన తలుపే. నా దిక్కు చూసి, "పోయొస్త సారూ" అన్నడు.

ఇరవై ఏండ్లల్ల మొదటిసారి. అడిగినట్టే అన్నడు బిడ్డా. పోయి రా అంటనని చూసిండు. నేనేమో తమాషాకు, పాత అలవాటున, ఏం నేర్పినరా నీకు అన్న. జరసేపు నా మొఖం చూసిండు. నవ్విండు.

"పోత సారూ" అన్నడు.

...

లే, బస్సు టైమాయె. సంచి తీస్కో. ఆ గడప కాడ నిలబడి సక్కగ అను, నేనిన్నంకనే పో.