ఏడో పెట్టె

మూడు పెట్టెలా? మూడంటే మూడేనా? ఎంత అన్యాయం వదినగారూ! ఆ కథలో ఉన్నవి ఏడు పెట్టెలండీ, ఏడు! మా అమ్మమ్మ ఏడని చెప్పింది, ఆవిడకి వాళ్ల మేనత్త ఏడని చెప్పింది. రక్కసి తన ఊపిరిని తుమ్మెదలో దాచి, ఆ తుమ్మెదని పెట్టెలో పెట్టి, ఆ పెట్టెని ఇంకో పెట్టెలో పెట్టి, అలా ఏడు పెట్టెల్లో భద్రం చేసుకుంటే, మీరొచ్చి నాలుగు పెట్టెలు మాయం చేశారు. అవి ఏమైనట్టు? మీ చేతిసంచిలో వేసుకున్నారా?

ఎవరు చెబుతారు, గువ్వే చెప్పింది. ఇందాక బడికి వెళ్లేముందు జడ వేస్తుంటే, "నాయనమ్మా, అమ్మమ్మ కథలో పెట్టెలు మూడే, తొందరగా అయిపోతుంది" అంది. తొందరగా అయిపోతుందట! అదేదో కథకి కిరీటమైనట్టు.

నవ్వకండి. ఆ మాస్కు కడగడం కూడా ఆపండి. దానికి సబ్బూ వద్దు, సేవా వద్దు. తుడిచేసి దాని డబ్బాలో పెట్టేయండి. ఇవాళ దాన్ని ఆస్పత్రికి తిరిగి పంపించేస్తున్నాను.

అవును, విన్నది నిజమే. ఆ ఊపిరి మెషీనుతో సహా.

రాత్రి తీసేసింది నేనే. పొద్దున మీరొచ్చి నేల మీద బుసకొడుతున్న గొట్టాన్ని చూసి, పామును చూసినట్టు ఉలిక్కిపడ్డారు కదా. జారిపోయిందని అబద్ధం చెప్పాను. జారలేదండీ. లాగి అవతల పారేశాను.

ఎందుకేమిటి? మీరు ఈ ఇంటికి ఎందుకొచ్చారో ఒక్కసారి గుర్తు చేసుకోండి. మెషీను నాకు అలవాటయ్యేదాకా పిల్ల మీ పక్కన పడుకుంటుందని మీ అమ్మాయి అంది. నేనూ తల ఊపాను. పరాయివాళ్లా ఏమిటి, వియ్యపురాలే కదా, ఓ చేతిసంచీతో వచ్చి ఓ చేతిసంచీతో వెళతారనుకున్నాను. అలవాటు పడాల్సింది నేను, మెషీనుకి. చివరికి అలవాటు పడింది ఎవరయ్యా అంటే పిల్ల, మీకు! నేను మాత్రం ఈ ఏనుగు తొండానికి ముక్కు అప్పగించి, గోడకి ఇవతల పడుకుని, అవతల మీ గుసగుసలు వింటున్నాను. మాటలు వినపడవు. వినపడితే ఆ పెట్టెల సంగతి నాకు మొదటిరోజే తెలిసేది.

మీకేం, మీరు అదృష్టవంతులు. తలగడ మీద తల పెడితే చాలు. ఓ మధ్యాహ్నం కుర్చీలో కునుకు తీస్తుంటే గుమ్మంలో నిలబడి చూశాను. నోరు మూసుకుని ఉంది, గుండె నెమ్మదిగా లేస్తోంది, దిగుతోంది. చప్పుడన్నది లేదు. మన వయసులో మనిషి నిద్రపోతే మర్యాదకైనా ఒక్క గురక ఉండొద్దూ? ఆయన బతికున్న రోజుల్లో నా గురకకి కిటికీ రెక్కలు అదిరేవనేవారు. నేను కోప్పడేదాన్ని. నన్ను ఉడికించడానికి అంటున్నారనుకునేదాన్ని.

నిద్రలో నా ఊపిరి ఆగిపోతోందని డాక్టరుగారు చెప్పినప్పుడూ నేను నమ్మలేదు. "ఆగితే నాకు తెలియదా బాబూ?" అన్నాను. "ఆగినప్పుడు మీరు నిద్రలో ఉంటారమ్మా" అన్నాడాయన.

అసలు ఆస్పత్రి దాకా వెళ్లేదాన్నా? ఆ కోటు కొంప ముంచింది. పట్టపగలు నా కుట్టు దుకాణంలో, ఇస్త్రీపెట్టె చేతిలో ఉండగానే కళ్లు మూతపడ్డాయి. కమురు వాసనకి తెరిచేసరికి బస్సు కండక్టరుగారి కోటు వీపున అచ్చు ఇస్త్రీపెట్టె ఆకారంలో నల్లటి ముద్ర. ఎందరి బట్టలు వదులు చేసిన చేతులండీ ఇవి, ఎందరి బట్టలు బిగించిన చేతులు! ఆ మనిషి కోటు వంక చూడలేదు. నా వంక చూశాడు. "మా అన్నయ్యా ఇలాగే కూర్చున్నవాడు కూర్చున్నట్టే నిద్రలోకి జారిపోయేవాడమ్మా, ముందు నిద్ర పరీక్ష చేయించుకోండి" అన్నాడు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

తర్వాతంతా మీకు తెలిసిందే. ఒంటినిండా తీగలు అంటించి నిద్రపొమ్మన్నారు. పొద్దున్నే ఆ జబ్బుకి స్లీప్ ఆప్నియా అని పేరు పెట్టారు. మాస్కు అమర్చే అమ్మాయి నా మొహం కొలిచి, "మీకు ముక్కు మాస్కు చాలు అమ్మమ్మగారూ, నోరు మాత్రం మూసుకుని ఉంచాలి" అంది. నోరు మూసుకోమని నాకు చెప్పిన మొదటి మనిషి ఆ పిల్లే!

అక్కడే ఉంది వదినగారూ అసలు చిక్కు. ముక్కులోకి వెళ్లిన గాలి, నోరు తెరిస్తే చాలు, బుస్సుమని నోట్లోంచి తన్నుకొస్తుంది. మాటన్నది బయటికి రాదు. మరి కథ ఎలా చెప్పను? మాస్కు పెట్టుకుని పడుకుంటేనే పిల్లని నా గదికి పంపిస్తానంటాడు మీ అల్లుడు. మాస్కు పెట్టుకుంటే కథ లేదు. కథ లేకపోతే పిల్ల నా పక్కకి ఎందుకొస్తుంది, నా అందం చూడ్డానికా? ముందు నుయ్యి, వెనుక గొయ్యి. అందుకని నుయ్యీ వద్దు గొయ్యీ వద్దు, మెషీనే వద్దనుకున్నాను.

ప్రయత్నించలేదని అనకండి. ప్రయత్నించాను. మొన్న సెలవు రోజు మధ్యాహ్నం మీరు మీ అమ్మాయితో బజారుకి వెళ్లారు చూడండి, అప్పుడు గువ్వని పిలిచాను. పక్కలో పడుకోబెట్టుకుని మాస్కు తగిలించుకుని, "అనగనగా" అన్నాను. అన్నానని నేననుకున్నాను. బయటికొచ్చింది మాత్రం పొయ్యి ఊదిన చప్పుడు. పిల్ల నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. ఆ గొట్టం మీద చెయ్యి వేసి గాలి కొడుతోందో లేదో చూసింది. తర్వాత, "ఇది రాత్రంతా ఆగదా నాయనమ్మా?" అని అడిగింది. మాస్కు కొంచెం పైకెత్తి, "ఆగదే తల్లీ, ఆగకుండా ఉండడానికే పెట్టారు" అన్నాను.

అంతే. మళ్లీ మాస్కు సర్దుకుని పక్కకి తిరిగి చూద్దును కదా, నిద్రపోయింది. రక్కసి ఇంకా గడప దాటలేదు, రాజకుమారుడు ఇంకా పుట్టనే లేదు, పిల్ల నోరు తెరుచుకుని ఒళ్లెరగని నిద్ర!

మీకు అర్థం కాదు. నా కథ మధ్యలో ఆ పిల్ల ఏనాడూ నిద్రపోలేదు వదినగారూ! దుకాణానికి వచ్చిన ప్రతి మనిషికీ గొప్పలు పోయేదాన్ని. మా గువ్వలాగా ఊఁ కొట్టే పిల్ల ఈ భూమ్మీద లేదనేదాన్ని. ఎవరి పిల్లలైనా రెండో పెట్టె తెరిచేసరికి ఊఁ ఆపేసి నిద్రలోకి జారుకుంటారు. ఇది అలా కాదు. నాకే కునుకు పట్టి కథ ఆగిపోతే, "ఊఁ... ఊఁ నాయనమ్మా... ఊఁ!" అని గట్టిగా కొట్టి, భుజం కుదిపి మరీ లేపేది. ఉలిక్కిపడి లేచి, "ఎక్కడున్నామే?" అంటే, "నాలుగో పెట్టె దగ్గర" అని ఠక్కున అందించేది. కథంటే అంత ప్రాణం దానికి! నా మనవరాలు కదూ, ఆ రుచి ఎక్కడికి పోతుందని మురిసిపోయాను.

ఒక్కటే పేచీ. ఏడో పెట్టె తెరవనిచ్చేది కాదు. అది తెరిస్తే తుమ్మెద బయటికొస్తుంది, రాజకుమారుడు దాన్ని పట్టి నలిపేస్తాడు, రక్కసి ఊపిరి ఆగిపోతుంది. సరిగ్గా అక్కడికి వచ్చేసరికి నా నోటికి అడ్డంగా చెయ్యి పెట్టి, "రేపు తెరుద్దాం నాయనమ్మా" అనేది. ఆ రేపు ఏనాడూ రాలేదు. మీ దగ్గర మాత్రం మూడో పెట్టె తెరిచి, తుమ్మెదని చంపేసి, రక్కసిని పాతేసి, అందరికీ పెళ్లిళ్లు చేసేశారట! పిల్ల కిమ్మనలేదట! నాకు ఇవ్వని హక్కు మీకు ఎందుకిచ్చిందండీ? నిన్నగాక మొన్న వచ్చినవారికి?

పైగా బడిలో టీచరమ్మ. నా పక్కన పడుకున్నన్నాళ్లూ, పిల్ల బల్ల మీద తలపెట్టి నిద్రపోతోందని కబుర్లే కబుర్లు. మీరు వచ్చారు, ఆ కబుర్లు ఆగిపోయాయి. అదీ మీ గొప్పే. మీ అమ్మాయి చెబుతూ ఎంత సంబరపడిందనుకున్నారు! నేను అక్కడే కూర్చుని జేబు కుడుతున్నాను. సూది వేలికి దిగింది.

ఏమిటండీ ఆ చూపు? అనదలచుకున్నది అనేయండి. చేతిలో మాస్కు పెట్టుకుని నీళ్లు కారుస్తూ అలా నిలబడకండి.

ఏమన్నారు?

మీరు వచ్చిన మొదటి రోజునా? నిద్రలో మీకు మెలకువ వచ్చిందా... మీ ముక్కు కిందా? వేలు పెట్టిందా?

పిల్ల చేష్ట. ఏదో ఆడుకుంటూ...

కూర్చుని ఉందా? పడుకోకుండా, మీ మొహంలోకి చూస్తూ... ఆగండి. నెమ్మదిగా చెప్పండి. దాని మాట దానిలాగే చెప్పండి.

"అమ్మమ్మా, నువ్వు ఆగవా?" అందా?

ఆగవా, అని.

మీరేమన్నారు? అవునులెండి, మీకు అర్థం కాదు, మీరు ఏనాడూ ఆగిన మనిషి కాదు. "దేనికి ఆగాలే?" అని మీరు అడిగితే... ఊఁ... చెప్పండి, వింటున్నాను... "నాయనమ్మ ఆగిపోతుంది. గట్టిగా ఊఁ కొడితే మళ్లీ మొదలవుతుంది" అందా!

ఆ స్టూలు ఇలా లాగండి. కాదు, ఏం కాలేదు. కూర్చుని వింటాను.

అయితే... కథ కోసం కాదన్నమాట.

నేను గొప్పలు పోయిన ఆ ఊఁలన్నీ. భుజం కుదపడం. నాలుగో పెట్టె దగ్గర ఉన్నామని ఠక్కున అందించడం. మళ్లీ నేను నిద్రలోకి జారితే, మళ్లీ చీకట్లో చెవి ఒగ్గి... ఏడేళ్ల పిల్లండీ! ముసల్ది నిద్రపోతుంటే పసిది కాపలా కాసింది. పొద్దున్నే ఆ కళ్లతోనే బడికి పోయి, బల్ల మీద తల వాల్చింది. నేను జడ వేస్తూ, "రాత్రి కథ ఎలా ఉందే?" అని అడిగేదాన్ని. "బాగుంది నాయనమ్మా" అనేది.

అందుకా ఏడో పెట్టె తెరవనివ్వలేదు.

అందుకా మొన్న మధ్యాహ్నం, ఆ గొట్టం ఆగదని చెప్పీ చెప్పగానే... నేనేమో కథ రుచించలేదని అలిగాను. రాత్రి మాస్కు లాగి అవతల పారేశాను. నా గదికి తిరిగి రప్పించుకుందామనుకున్నది దేన్ని? పిల్లనా? కాపలానా?

ఏడవడం లేదు. ఆవిరి. ఆ వేడినీళ్లు కట్టేయండి.

ఒక్క మాట అడుగుతాను, తప్పుగా అనుకోకండి. ఆ సంగతి మీకు చెప్పింది. నాకు చెప్పలేదు. మీ అమ్మాయికి చెప్పలేదు, దాని నాన్నకి చెప్పలేదు. వచ్చిన మొదటి రోజే మీకు చెప్పింది. దాని భయం కూడా మీకే దక్కింది, చూశారా? చల్లగా చెప్పుకోవడానికి మీరు, వణుకుతూ దాచుకోవడానికి నేను. నన్ను భయపెట్టకూడదనుకుందేమో అంటారా? అలా అని మీరు నన్ను ఓదార్చక్కర్లేదు. ఓదార్పు కూడా మీ చేతి మీదుగానే రావాలా?

మరి ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలేదు మీరు? ఓహో. నేను మాట్లాడనిస్తేగా. అవును. మీరు గదిలోకి వస్తే నేను వంటింట్లోకి, మీరు వంటింట్లోకి వస్తే నేను దుకాణంలోకి.

సరే. ఇలా తెండి ఆ మాస్కు. తెండి, నేనే కడుక్కుంటాను. ఈ మెత్తటి అంచు ఉంది చూడండి, దీన్ని రుద్దకూడదు, వేళ్లతో నిమరాలి. పట్టీలు పిండకూడదు, సాగిపోతాయి. జిప్పులూ పట్టీలూ నా విద్య కదా, దీనికి ఓ మడత వేసి కుడితే చెంప మీద అచ్చు పడదు. ఇన్నాళ్లూ ఆ పని చేయలేదంటే... చేయబుద్ధి కాలేదు. అంతే.

డబ్బా అక్కర్లేదు. అటక మీద పడేయండి.

మీరూ చేతిసంచీ సర్దకండి అప్పుడే. పిల్లకి మెలకువలో ఉండే అలవాటు పూర్తిగా పోలేదేమో, మీ పక్కనే పడుకోనివ్వండి. నా నోటితోనే అంటున్నాను, వినండి. మళ్లీ అనమంటే అనను.

కానీ నాదీ ఒక షరతు. రెండు గదుల తలుపులూ తెరిచి ఉంచాలి. గుసగుసలు పనికిరావు, గొంతు పెంచి చెప్పాలి. ఏడు పెట్టెలూ తెరవాలి. పిల్ల రెండో పెట్టె దగ్గరే నిద్రపోతుంది, పోనివ్వండి, మీరు మాత్రం ఆపకూడదు. ఏడోది కూడా తెరవండి. తుమ్మెద ఎగిరితే ఎగరనివ్వండి, ఇప్పుడు ఈ రక్కసి ఊపిరికి మెషీను ఉంది.

ఎవరు వింటారా? నేను వింటాను. మీరు బాగా చెబుతారని కాదు సుమండీ, ఎక్కడ తప్పులు పోతారో పట్టుకుందామని. ముక్కుకి ఆ తొండం తగిలించుకునే వింటాను. నోరు తెరవకుండా కథ చెప్పడం కుదరదు కానీ, ఊఁ కొట్టడానికి నోరు తెరవక్కర్లేదుగా!

ఐదో పెట్టె దగ్గరో ఆరో పెట్టె దగ్గరో నా ఊఁ ఆగిపోతే నిద్రపట్టిందనుకోండి. అంతే. లేచొచ్చి ముక్కు కింద వేలు పెట్టకండి. మీ వేళ్లు సబ్బు వాసన.