పేర్లు లేని గాజు గిన్నెలు

ఆదివారం మధ్యాహ్నం. ఖాళీగా ఉన్న పరిశోధనశాలలో అత్తగారు మైక్రోస్కోపులోకి చూస్తున్నారు. అక్కడ పనిచేసే కోడలు పక్కన నిలబడి ఉంది.

“ఇవేనా నా పొట్టలోంచి తీసిన కొవ్వు కణాలు? పచ్చటి వెన్నెల్లో తేలుతున్నట్టున్నాయే.”

“మీవో కావో నాకూ తెలీదత్తయ్యా. మీతో కలిపి ముప్ఫైమంది షుగరువాళ్ళు మా పరిశోధనకి ఇచ్చారు. గిన్నెల మీద అంకెలే ఉంటాయి, పేర్లుండవు.”

“ఎందుకలా వెలుగుతున్నాయి?”

“కణాలకి కబుర్లు మోసేది కూడా ఒకరకం కొవ్వే. కణం గుమ్మంలో దాన్ని అందుకునే గ్రాహకం ఉంటుంది. కబురందితే వెలిగేలా రంగు కలిపాం.”

“మరి నువ్విప్పుడు మార్చి పెట్టిన ఈ గిన్నెలో ఒక్కటీ వెలగలేదేం?”

“వీటికి అందలేదు.”

“అన్నీ ఆ దేవుడు చేసినవే కదా, కొన్నిటికే ఎందుకు అందదో. ఇది నాదైతే?”

“ఎవరిదైనా సరే, ఇన్సులిన్ సూదితో షుగరు దిగుతుంది. డాక్టరు మీకు వేసుకోమని చెప్పి నెలైంది. నా కణాలు చూశాకే వేసుకుంటానని మీరే భీష్మించుకున్నారు.”

“కాసేపు ఉండు.”

“కళ్ళు మూసుకున్నారేం?”

“ఈ గిన్నె ఎవరిదో పాపం. మొండికెయ్యకుండా సూది వేసుకునే బుద్ధి వాళ్ళకిమ్మని దేవుణ్ణి అడిగాను.”

“మరి మీరు?”

“అదే ఆలోచిస్తున్నాను. ఎవరికో బుద్ధినిమ్మని అడిగి నేను వద్దంటే, పైనున్నాయన నవ్వడూ? పద, ఇంటికెళ్ళి నువ్వే వేద్దువుగాని.”